ఫస్టియర్ పిల్లలకు ఫిజిక్స్ పరిశోధనల గురించి గంటలో ఏం చెప్పాలి?

ప్రశ్న (నెల్లూరు):
అందరికీ నమస్కారం. డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఇప్పుడు ఫిజిక్స్‌లో ఏమేం పరిశోధనలు జరుగుతున్నాయో ఫస్టియర్ వాళ్ళకు ఒక గంట చెప్పమన్నారు. అరవై మంది, సగానికి పైగా తెలుగు మీడియం. పోయినేడు కణ భౌతికం నుంచి క్వాంటమ్ కంప్యూటర్ దాకా 48 స్లైడ్లు వేశాను. మధ్యలో కరెంటు పోతే పిల్లలు చప్పట్లు కొట్టారు. ఈసారి ఏం చెయ్యమంటారు?

కావలి నుంచి:
స్లైడ్లు మానెయ్యండి సార్. ఇస్త్రీపెట్టెలు బాగుచేసే కొట్లో పాత కాయిల్‌లోని కాకిబంగారం (అదే, అభ్రకం) రేకు అడగండి, ఊరికే ఇస్తారు. సైదాపురం వైపు పిల్లలుంటే వాళ్ళే తెస్తారు. నెల్లూరు అభ్రకం ఒకప్పుడు విదేశాలకు పోయిన సరుకు కదా. రేకు మీద సెల్లోటేపు అంటించి లాగితే పొర లేస్తుంది. ఆ పొర మీద మళ్ళీ టేపు. బాగా పలచబడ్డాక వెలుతురులో అటూ ఇటూ తిప్పితే నీళ్ళ మీద కిరసనాయిలు తెట్టులా రంగులు తేలతాయి.

వాళ్ళు పీకుతుండగానే అసలు సంగతి ఎత్తుకోండి. 2004లో మాంచెస్టర్‌లో గైమ్, నోవోసెలోవ్ ఇలాగే టేపుతో గ్రాఫైటును పీకి పీకి ఒక్క పరమాణువు మందం దాకా తెచ్చారు. అదే గ్రాఫీన్. 2010లో నోబెల్ ఇచ్చారు. పిల్లల పెన్సిల్ ములుకులో ఉన్నదీ గ్రాఫైటే. 2018లో ఇంకో వింత బయటపడింది. రెండు గ్రాఫీన్ పొరలను ఒకదాని మీద ఒకటి సుమారు 1.1 డిగ్రీలు తిప్పి పెట్టి బాగా చల్లబరిస్తే కరెంటుకు నిరోధమే ఉండదు! ఎందుకన్న దాని మీద ఇప్పటికీ కుస్తీ పడుతున్నారు.

ఒంగోలు నుంచి:
అభ్రకం ఆలోచన భలే ఉందండీ. కానీ మన పిల్లలు ముందు అడిగేది రాకెట్ గురించే. శ్రీహరికోట షార్ నుంచి రాకెట్ లేస్తే మేడెక్కి చూసినవాళ్ళు కదా. రాకెట్ ఇంజినీరింగు, దాని నెత్తిన కూర్చుని పోయేది ఫిజిక్స్ అని చెబుతాను నేను. 2023 సెప్టెంబరు 2న వెళ్ళిన ఇస్రో వ్యోమనౌక ఆదిత్య-ఎల్1 ఇప్పుడు భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉండి సూర్యుణ్ణి చూస్తోంది. సూర్యుడి ఉపరితలం దాదాపు 5,500 డిగ్రీలు, దాని పైనున్న వాతావరణపు పొర, కరోనా అంటారు, పది లక్షల డిగ్రీలు దాటుతుంది. పొయ్యి నుంచి దూరం జరిగేకొద్దీ సెగ పెరిగినట్టు! కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. ఇక్కడ కాసేపు ఆగండి, పిల్లలే ఏవో ఒకటి ఊహించి చెబుతారు.

ఐఐటీల్లాంటి చోట్ల ఎమ్మెస్సీలో చేరడానికి జామ్ అనే ప్రవేశ పరీక్ష ఉందని చివర్లో ఒక్క మాట చెప్పండి. చాలామందికి ఫైనలియర్ దాకా తెలియడం లేదు.

నెల్లూరు:
అయిందండీ. ఆదిత్య దాకా వచ్చేసరికి బెల్లు కొట్టేశారు. అభ్రకం దగ్గరే నలభై నిమిషాలు పోయాయి. వెనక బెంచీ అమ్మాయి, "పీకుతూ పోతే ఎక్కడో ఒకచోట అభ్రకం కాకుండా పోతుందా సార్?" అంది. రేపు చెబుతానన్నాను.

కావలి నుంచి:
ఒక్క పొర మిగిలేదాకా అభ్రకమే సార్. దాని మందం సుమారు ఒక నానోమీటరు. టేపుతో పీకగలిగేది అంతవరకే. ఇంతకీ ఆ అమ్మాయి జామ్ గురించి విన్నదా?