ఈ దస్తావేజు ఎవరు రాయించారు? (బైబిలుకు బైబిలు బయట సాక్ష్యం గురించి)

రాజోలు రైటరు:

అందరికీ నమస్కారమండి. రాజోలు ప్రాంతంలో దస్తావేజులు రాసుకుని బతికేవాణ్ణి, ఇరవై ఆరేళ్లయింది. ఆదివారం సాయంత్రం మా సహవాసంలో కుర్రాళ్లకు క్లాసు చెబుతాను. నాలుగు తరాలుగా బ్రదరన్ అనే క్రైస్తవ సహవాసం వాళ్లం. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చి ఈ డెల్టాలో పనిచేసిన బౌడెన్ దొర, బీరు దొర పేర్లు మా నాయనమ్మ సొంత చుట్టాల పేర్లలా చెప్పేది. నమ్మకం మీద రాయి వేయడానికి వచ్చినవాణ్ణి కానని చెప్పడానికే ఇదంతా.

మొన్న క్లాసులో పాఠం రెండో తిమోతి మూడో అధ్యాయం, పదహారో వచనం. లేఖనమంతా దేవుడి ప్రేరణతో వచ్చిందని ఉంటుంది కదా, అది. చెరువుల రైతు కొడుకొకడు, ఇంజనీరింగ్ రెండో ఏడు, చెయ్యెత్తాడు. “అంకుల్, ఈ పుస్తకం దేవుడిదని ఈ పుస్తకమే చెబుతోంది. బయటివాళ్లు ఇంకెవరైనా చెప్పారా?” అన్నాడు.

నేను సిద్ధంగానే ఉన్నాను. ఫలానా చోట రాయి దొరికింది, ఫలానా గుహలో తోలు చుట్టలు దొరికాయి అని గడగడా అప్పజెప్పాను. ఆఖర్న నా వృత్తి కూడా కలిపాను. పాత ఎవిడెన్స్ యాక్టు 90వ సెక్షను ప్రకారం ముప్పై ఏళ్లు దాటిన దస్తావేజు ఉండాల్సినవాళ్ల దగ్గరే ఉంటే, అందులో సంతకాలు నిజమైనవేనని కోర్టు అనుకోవచ్చు. ఇదైతే రెండు వేల ఏళ్ల నుంచి సంఘం చేతిలోనే ఉంది కదా అన్నాను.

వాడు నవ్వలేదు. “అనుకోవచ్చంటే అనుకోవాలని కాదు కదా అంకుల్. ఆ లెక్కన వేదాలూ పాతవే, ఖురానూ పాతదే, ఎవరివి వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. మీ దగ్గరకు ఒకాయన వచ్చి, ఈ పొలం నాదేనని తనే రాసుకున్న కాగితం చూపిస్తే మీరేం చేస్తారు?”

ఏం చేస్తాను? ఆ పొలం మీద ఏమేం రిజిస్టరయ్యాయో చెప్పే ఈసీ తీయిస్తాను, అంతకుముందు చేతులు మారిన లింకు డాక్యుమెంట్లు తెమ్మంటాను, రెవెన్యూవాళ్ల అడంగల్ చూస్తాను. ఆ మాటే చెప్పి, మిగతాది వచ్చే వారం అనేశాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వాడి ప్రశ్నతో పాటు పాత కేసొకటి గుర్తొచ్చింది. అరవై రెండు సెంట్ల కొబ్బరితోట, ఇద్దరు మనుషులు, రెండు దస్తావేజులు. మొదటాయన కాగితంలో హద్దులు చెట్టు చెట్టుకీ సరిపోయాయి. తూర్పు పంటబోదె, దక్షిణం గట్టు మీది తాడిచెట్టు, అన్నీ. రెండో కాగితంలో బోదె పడమర ఉందని రాశారు. వెళ్లి చూస్తే బోదె తూర్పునే ఉంది. నేను మొదటిదే అసలుదని గట్టిగా చెప్పాను, నాతోపాటు ఊరంతా అదే అంది. తీరా చూస్తే అదే దొంగది. దాన్ని పుట్టించింది పక్క చేను ఆసామి. యజమానికంటే వాడికే ఆ తోట అంగుళం అంగుళం తెలుసు మరి. దొరికిపోయింది ఎక్కడంటే, దస్తావేజు తేదీకి ఆర్నెల్ల తర్వాత అమ్మిన స్టాంపు కాగితం మీద రాశాడు. అసలు దస్తావేజేమో ఎవరో ముసలి రైటరు దీపం ముందు కూర్చుని, తూర్పూ పడమరా తారుమారు చేసి రాసింది.

అసలుదానిలో తప్పుంది, దొంగదానిలో లేదు. ఇది తెలిసినవాణ్ణి, ఆ కుర్రాడికి నేను ఇచ్చినవన్నీ హద్దుల సాక్ష్యాలే. అందుకే అడుగుతున్నాను. హద్దులు కాకుండా, సంతకం ఎవరిదో చెప్పే బయటి సాక్ష్యం ఏదైనా ఉందా? తిట్టడానికైతే ఎవరూ రావద్దు, ఆ పనికి మా పెద్దలున్నారు.

గట్టు మీద రాళ్లు:

రైటరు గారూ, నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి. చర్చికి వెళ్లను, గుడికీ వెళ్లను. మీరు చెప్పిన రాళ్లు నిజమైనవే. 1993లో తెల్ దాన్‌లో దొరికిన శాసనంలో ‘దావీదు ఇల్లు’ అని ఉంది. పిలాతు పేరున్న రాయి 1961లో కైసరయలో దొరికింది. హిజ్కియా తవ్వించిన సొరంగం ఇప్పటికీ ఉంది, అర కిలోమీటరు పైనే. రెండు వైపుల నుంచి తవ్వుకుంటూ వచ్చినవాళ్లు ఒకరి గొంతు ఒకరు విని మధ్యలో కలుసుకున్నారని చెప్పే శాసనం 1880లో బయటపడింది. కాలవల మధ్య పుట్టినవాణ్ణి కదా, నాకు మాత్రం అన్నిట్లోకీ అదే ఇష్టం.

కానీ మీ తారుమారైన బోదెలు కూడా ఉన్నాయి. యెహోషువ ముందు యెరికో గోడలు కూలాయని బైబిలు చెబుతుంది కదా, అక్కడ 1950లలో పురావస్తు పరిశోధకురాలు కాథ్లీన్ కెన్యన్ తవ్వించి చూస్తే, కూలిన గోడలు యెహోషువ కాలం అనుకునేదానికి చాలా ముందే, క్రీ.పూ. 1550 ప్రాంతంలోనే పోయాయని తేలింది. మీ కేసు ప్రకారం చూస్తే దీనివల్ల దస్తావేజు కొట్టుకుపోదు, పై రాళ్లవల్ల గట్టిపడిపోదు.

సంతకం అని మీవాళ్లు చూపించేది ప్రవచనాలను. జరగబోయేది ముందే చెప్పగలిగినవాడు దేవుడే కదా అని. అక్కడ పనికొచ్చేది మీ స్టాంపు తేదీయే. దానియేలు గ్రంథం మీద మూడో శతాబ్దంలోనే పోర్ఫిరీ అనే తత్వవేత్త ఈ ప్రశ్నే వేశాడు. అంతియొకస్ రాజు కాలం దాకా, అంటే క్రీ.పూ. రెండో శతాబ్దం దాకా, అందులో అన్నీ అచ్చుగుద్దినట్టు ఉన్నాయి కాబట్టి అప్పుడే రాసి ఉంటారన్నాడు. ఇవాళ్టి పండితుల్లో ఎక్కువమందిది అదే మాట. పక్క చేను ఆసామికి తోట బాగా తెలిసినట్టన్నమాట.

యెషయా సంగతి వేరు. 1947లో మృత సముద్రం దగ్గర కుమ్రాను గుహలో దొరికిన యెషయా చుట్ట ఏడు మీటర్ల పైచిలుకు పొడవు, 66 అధ్యాయాలూ ఉన్నాయి, క్రీస్తుకు నూరేళ్లు పైగా ముందుది. అంతకుముందు చేతిలో ఉన్న హెబ్రీ ప్రతులు క్రీ.శ. 1000 ప్రాంతానివి. మధ్యలో వెయ్యేళ్లు గడిచినా నకలు చాలావరకు అదే. అక్షరాల తేడాలు బోలెడున్నాయి గానీ పాఠం మారిపోలేదు. అంటే యేసు గురించేనని మీవాళ్లు చెప్పే 53వ అధ్యాయం యేసుకు ముందే రాశారన్నది ఖాయం, స్టాంపు తేదీ సరిపోయింది. కానీ అందులో బాధపడే సేవకుడు ఇశ్రాయేలు జాతేనని యూదుల వ్యాఖ్యాత రాషీ పదకొండో శతాబ్దంలో రాశాడు. ఇక పారసీక రాజు కోరెషు పేరును యెషయా ముందే చెప్పిందంటారే, దానికి ఈ చుట్ట సాక్ష్యం పనికిరాదు. ఆయన బబులోను పట్టుకున్నది క్రీ.పూ. 539లో, చుట్ట రాసింది ఆ తర్వాత నాలుగు వందల ఏళ్లకి.

ఇంకొకటి. మార్కు సువార్త చివరి పన్నెండు వచనాలు బాగా పాతవైన సీనాయి, వాటికన్ ప్రతుల్లో లేవు. ఇది కుర్రాడికి మీరే ముందు చెప్పండి. వాడికి ఎలాగూ ఫోనులో దొరుకుతుంది.

ఘనాపాఠి మనవడు:

అయ్యా, ఈ గొడవ మీ ఒక్కరిది కాదు. మా తాతగారు అమలాపురం అవతల అగ్రహారంలో వేదం చెప్పేవారు. ఘన అంటే మాటల్ని ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, మళ్లీ ఒకటి రెండు మూడు అని అల్లుకుంటూ పోతారు. ఒక్క స్వరం జారితే వెంటనే దొరికిపోతుంది. చిన్నప్పుడు నేనడిగాను, ఇంత జాగ్రత్తగా ఉంచారు కాబట్టే ఇది దేవుడి మాటా అని. ఆయన నవ్వి, “పాఠం చెడలేదని తెలుస్తుంది, అంతేరా. మిగతాది తర్కం వాళ్లనడుగు” అన్నారు.

తర్కం వాళ్లనడిగితే రెండు జవాబులున్నాయి. వేదవాక్యాల అర్థం తేల్చే మీమాంసకులు వేదానికి కర్తే లేడంటారు. రాసినవాడు లేనప్పుడు అబద్ధమాడేవాడూ లేడు. పైగా జ్ఞానం స్వతః ప్రమాణం, తప్పని తేలేదాకా ఒప్పే అన్నారు కుమారిల భట్టు. మీ 90వ సెక్షను లాంటిదే, కాకపోతే ఆయన ‘అనుకోవచ్చు’ అనలేదు.

న్యాయశాస్త్రం వాళ్లు, అంటే నైయాయికులు, ఒప్పుకోలేదు. మాటకు బలం మాట్లాడినవాడి నుంచి రావాలి, బయటి నుంచి పరీక్షించాలి అన్నారు. న్యాయసూత్రాల్లో గౌతముడు ఇచ్చిన పోలిక ఆయుర్వేదం. మందు వేసుకుంటే రోగం తగ్గుతోంది, అది కంటికి కనిపించే ఫలం. చెప్పినవాడు ఆప్తుడని, అంటే నమ్మదగినవాడని, దాంతో తేలింది. అలాంటి ఆప్తుడే కనిపించని ఫలం గురించి చెబితే అదీ నమ్మొచ్చు. జ్వరం తగ్గింది కాబట్టి స్వర్గం ఉందనడమేమిటని నాకు ఇప్పటికీ ఒక మూల అనుమానమే. కానీ మనం రోజూ చేసేది అదే కదండీ. నాలుగుసార్లు సరైన ఎరువు చెప్పిన కొట్టువాడు ఐదోసారి తెలియని మందు ఇస్తే తీసుకోమూ?

అదే సూత్రాల్లో ప్రత్యర్థి ప్రశ్న కూడా దాచలేదు. పుత్రకామేష్టి చేశాం, కొడుకు పుట్టలేదు, వేదం అబద్ధం కదా అంటాడు. చేసిన పనిలోనో, చేసినవాడిలోనో, సామగ్రిలోనో లోపం ఉండి ఉంటుందని జవాబు. ప్రార్థనకు ఫలితం రాకపోతే విశ్వాసం చాల్లేదంటారు చూడండి మీవాళ్లు, ఇద్దరూ ఒక బడిలోనే చదువుకున్నట్టున్నారు.

సంఘపెద్ద:

బ్రదర్, వందనాలు. మీరు పునాది మీదే అనుమానం పెట్టారు. దేవుడు అబ్రాహాముకు మాట ఇచ్చినప్పుడు తనకంటే గొప్పవాడు లేడు కాబట్టి తన తోడే ప్రమాణం చేశాడని హెబ్రీ పత్రికలో చదవలేదా? పైవాడి సంతకాన్ని కిందివాడు అటెస్ట్ చేయడం ఏ ఆఫీసులో ఉంది? లేఖనానికి సాక్షి పరిశుద్ధాత్మే, అది విశ్వాసి హృదయంలో కలగాలి, వాదనలతో కాదు. సంఘ సంస్కర్త కాల్విను అప్పుడే ఈ మాట చెప్పాడు. ఆ రాళ్లూ చుట్టలూ కుర్రాళ్లకు చెప్పి వాళ్ల బుర్రలు పాడుచేయొద్దు.

రాజోలు రైటరు:

పెద్దలు గారూ, వందనాలు. దేవుడికి ఎవరూ అటెస్ట్ చేయక్కర్లేదు, ఒప్పుకుంటాను. కానీ సబ్‌రిజిస్ట్రార్ సంతకాన్ని నేను అటెస్ట్ చేయలేకపోయినా, అది ఆయన సంతకమో కాదో పోల్చి చూడటానికి ఆయనదేనని అందరూ ఒప్పుకున్న సంతకం ఇంకొకటి కావాలి కదండీ. నా పక్క బల్ల మీద స్టాంపులు అమ్మే భాయ్ కూడా మీ మాటే అంటాడు. ఖురానులో ఉన్నలాంటి ఒక్క సూరా రాసి చూపించమని ఖురానే సవాలు విసిరిందట, ఎవరూ రాయలేకపోవడమే సంతకమట, అది చదివేవాడి గుండెకు తెలుస్తుందట. ఇద్దరు నిజాయితీపరులు రెండు వేర్వేరు కాగితాలు పట్టుకుని గుండె మీద చెయ్యేస్తే, రైటరుగా నేను ఏం రాసుకోవాలి?

లేసు అల్లే అమ్మాయి:

అన్నయ్యగారూ, పంటు దాటితే మాది నరసాపురం. మా నానమ్మ, అమ్మ, నేను అందరం లేసు పని చేసినవాళ్లమే. మీ అందరిలా చదువుకోలేదు గానీ ఒకటి చెప్పాలనిపించింది.

1996 నవంబరు తుపానుకి అమ్మ మీ వైపే ఉంది, పుట్టింట్లో. ఇంటి కప్పు లేచిపోతే తొమ్మిది మంది ఒక మంచం కింద దూరి 46వ కీర్తన చదువుకున్నారు. పక్కింటివాళ్లు అంతర్వేది స్వామిని పిలుచుకున్నారు. రెండిళ్లవాళ్లూ బతికారు. వెనక వీధిలో ఇంకో విశ్వాసుల కుటుంబం ఉండేది, వాళ్ల బైబిలు ఎండబెడితే 46వ కీర్తన దగ్గర గుర్తు పెట్టి ఉంది. వాళ్లలో ముగ్గురు లేరు.

తర్వాత కూటాల్లో సాక్ష్యం చెప్పమని అమ్మను ఎన్నిసార్లో లేపారు. లేచేది కాదు. “ఆ ముగ్గురూ కూడా అదే చదివారు” అనేది. అలాగని బైబిలు మానేసిందా అంటే, చూపు పోయేదాకా రోజూ తెల్లారగట్ల చదివింది, ఆ తర్వాత నాచేత చదివించుకుంది. నిరూపణ ఉందని చదవలేదు. ఎందుకు చదివిందో ఆమెకే తెలుసు. మీ కుర్రాడికి ఇది సాక్ష్యం కింద పనికిరాదని నాకూ తెలుసు.

రాజోలు రైటరు:

చెల్లెమ్మా, నీ మాట చదివాక మళ్లీ అడంగల్ తీసి చూసుకున్నాను. అందులో రెండు కాలమ్‌లు ఉంటాయి. ఒకటి పట్టాదారు, రెండోది అనుభవదారు. హక్కు ఎవరిదో మొదటిది చెబుతుంది, సాగు చేసుకుంటూ ఎవరున్నారో రెండోది చెబుతుంది. అనుభవం అనే మాట మా కాగితాల్లో ఇన్నేళ్లు రాశాను గానీ ఆ మాటకున్న రెండో అర్థం ఇవాళే తట్టింది. అమ్మగారి పేరు రెండో కాలమ్‌లో ఉంది. నాదీ అక్కడే. ఆ కాలమ్‌లో పేరున్నంత మాత్రాన మొదటి కాలమ్ నిండదు, కోర్టులో ఎన్నిసార్లు చూడలేదూ.

కుర్రాడు అడిగింది మొదటి కాలమ్ గురించి. రాళ్ల గారు ఇచ్చినవి హద్దులూ నకలూ. యెషయా 53 ఒక్కటే సంతకానికి దగ్గరగా వచ్చి, చదివేవాణ్ణి బట్టి ఆగిపోయింది. మనవడు గారి ఎరువుల కొట్టు నాకు బాగా నచ్చింది. నేను నమ్మేదీ అలాగే, నాలుగుసార్లు పనికొచ్చినవాడి మాట ఐదోసారి కూడా. కానీ అది నా నాలుగుసార్లు, వాడివి కావు. మొదటి కాలమ్ నింపే బయటి కాగితం నా దగ్గర లేదని వాడికి చెప్పేస్తాను. పెద్దలు గారికి కష్టంగా ఉండొచ్చు, క్షమించాలి.

మార్కు సంగతి కూడా చెబుతాను, అయితే ముందు వాళ్ల నాన్నతో ఒక మాట అనుకుంటాను. ఆ దొంగ దస్తావేజు జిరాక్సు ఇంకా నా బీరువాలోనే ఉంది. ఆదివారం పేర్లు కొట్టేసి, దాన్నీ అసలుదాన్నీ పక్కపక్కన పెట్టి, ఏది నిజమో వాణ్ణే తేల్చమంటాను.