సింగపూర్ - న్యూయార్క్: టికెట్ మీద టైమ్‌కీ మన లెక్కకీ ఎందుకు కుదరట్లేదు?

కిటికీసీటు:
అమ్మని తీసుకుని వచ్చే నెల సింగపూర్ నుంచి న్యూయార్క్ వెళ్తున్నాను. దూరం సుమారు 15,300 కిలోమీటర్లు, గంటకి 900 చొప్పున వేస్తే 17 గంటల్లో అయిపోవాలి, టికెట్ మీద చూస్తే 18 గంటలు దాటి ఇంకో అరగంట పైనే ఉంది. ఎందుకంత తేడా? అమ్మకి మోకాళ్ల నొప్పులు, అదే టెన్షన్. డైరెక్ట్ ఫ్లైటే మంచిదా, మధ్యలో ఒకచోట ఆగడం నయమా?

దారిలెక్క:
టికెట్ మీద వేసేది గేటు నుంచి గేటుకి పట్టే టైమండీ. రన్‌వే దాకా మెల్లగా వెళ్లడం, వరసలో ఆగడం, దిగాక మళ్లీ గేటు చేరడం అన్నీ అందులోనే. పైగా ఆ 15,300 అనేది గ్లోబు మీద దారం బిగించి పట్టుకుంటే వచ్చే దూరం. ఈ రెండు ఊళ్ల రేఖాంశాలకి దాదాపు 178 డిగ్రీల తేడా, అంటే గ్లోబుకి ఇంచుమించు ఎదురెదురు వైపులు, కాబట్టి ఆ గీత ఉత్తర ధ్రువం పక్కనుంచి పోతుంది. విమానం మాత్రం ఆ గీత పట్టుకుని పోదు, ఆ రోజు గాలి ఎటు కలిసొస్తే అటు. వెళ్లేటప్పుడు పసిఫిక్ మీద జెట్ స్ట్రీమ్, అంటే బాగా ఎత్తున పడమర నుంచి తూర్పుకి వీచే బలమైన గాలి, వెనకనుంచి తోస్తుంది, తిరిగొచ్చేటప్పుడు చాలాసార్లు అట్లాంటిక్, యూరప్ మీదుగా మళ్లీ తూర్పుకే తీసుకొస్తారు. అంటే వెళ్లి వచ్చేసరికి భూమి చుట్టూ ఒక చుట్టు అయిపోతుంది, నాకైతే ఇది ఎప్పుడు తలుచుకున్నా అద్భుతంగానే ఉంటుంది.

రాత్రిపక్షి:
నేను వెళ్లాను ఈ డైరెక్ట్ ఫ్లైట్‌లో. ఎయిర్‌బస్ ఎ350-900 యూఎల్ఆర్, అంటే ఆగకుండా చాలా దూరం పోయే రకం, ఎకానమీ అసలు లేదు, బిజినెస్, ప్రీమియం ఎకానమీ కలిపి 161 సీట్లే. సీటు ముందు స్క్రీన్‌లో మ్యాప్ పెట్టుకుని కూర్చుంటే పసిఫిక్ మీద వేగం గంటకి 1,000 కిలోమీటర్లు దాటి పోతూనే ఉంది. అర్ధరాత్రి బయల్దేరాం, కాసేపటికే తెల్లారింది, ఆ పగలు తొందరగా గడిచి మళ్లీ చీకటి పడింది, దిగేసరికి అక్కడ పొద్దున. అందుకని ఎక్కగానే నిద్రపోకుండా రెండో చీకటికి పడుకోమనండి అమ్మగారిని, దిగాక ఆ రోజు తేలిగ్గా గడుస్తుంది.

నెమ్మది:
మోకాళ్ల సంగతి చెప్తాను. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆగి వెళ్లే సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఫ్లైట్ కూడా ఉంది, మొత్తం దాదాపు ఒక రోజు పడుతుంది, ఎకానమీ ఉంటుంది కాబట్టి ఖర్చు తక్కువ. కాళ్లు చాపుకోవడానికి ఆ విరామం బాగానే ఉంటుంది, కానీ దిగి, మళ్లీ సెక్యూరిటీ చెకింగ్ అయ్యి, మళ్లీ ఎక్కాలి, నొప్పులున్నవాళ్లకి ఆ నడకే ఎక్కువ. మా అమ్మకైతే నేను డైరెక్టే తీసుకుంటాను. నడవ పక్క సీటు, బుకింగ్‌లోనే వీల్‌చైర్ అడగడం, గంటా రెండు గంటలకోసారి లేచి నాలుగడుగులు, నీళ్లు. కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు గురించి, బిగుతు మేజోళ్ల గురించి డాక్టర్‌ని ముందే అడగండి, ఇది మాత్రం వాయిదా వేయకండి.

దారిలెక్క:
ఇంకోటి, పాత వివరాలు చూసి టైమ్ అంచనా వేసుకోకండి. 2022లో యూరప్ విమానాలకి రష్యా గగనతలం మూతపడ్డాక ఫిన్లాండ్‌లోని హెల్సింకి నుంచి టోక్యోకి తొమ్మిదిన్నర గంటల ప్రయాణం కాస్తా 13 గంటల దగ్గరికి పోయింది. ఊళ్లు ఎక్కడివి అక్కడే ఉన్నాయి, దారే మారింది.

కిటికీసీటు:
చాలా థ్యాంక్స్ అండీ అందరికీ. డైరెక్టే బుక్ చేస్తున్నాను, ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లొస్తాం.

రాత్రిపక్షి:
మంచిది. నవంబర్ మొదటి ఆదివారం తర్వాతైతే అక్కడ గడియారం వెనక్కి తిప్పుతారు, సింగపూర్‌తో తేడా 12 గంటలు కాదు, 13. ఎయిర్‌పోర్టుకి వచ్చేవాళ్లకి న్యూయార్క్ టైమే చెప్పండి, తారీఖుతో సహా.