పరవాడ ఫార్మా నీరు, మన సముద్రపు చేప: పరీక్ష చేయమని అడగడం తప్పా?

తీరవాసి: విశాఖ దగ్గరి పరవాడ ఫార్మా సిటీలో శుద్ధి చేసిన నీరు పైపు ద్వారా సముద్రంలోకి వెళ్తోంది. నక్కపల్లిలో బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) పార్కు కూడా వస్తోంది. ఆ నీటిలో ఏ మందు ఎంత ఉందో, పైపు దగ్గర పట్టిన చేపలో ఎంత ఉందో పరీక్షించి ఊళ్లో బోర్డు పెట్టమని అర్జీ ఇవ్వబోతున్నాం. మా నాన్న తెప్ప వేసే రోజుల్లో ఒడ్డు కనబడే దూరంలోనే కవళ్లు, కానాగర్తలు పడేవి. ఇప్పుడు డీజిల్ ఖర్చు రావాలన్నా బాగా లోపలికి వెళ్లాలి. మీరేమంటారు?

రసాయనశాల: నేను బల్క్ డ్రగ్ కంపెనీలో నాణ్యత విభాగంలో పనిచేస్తున్నాను. సముద్రంలోకి వదిలే నీటిలో సీవోడీ (సేంద్రియ కాలుష్యాన్ని తెలిపే కొలత) లీటరుకు 250 మిల్లీగ్రాములు దాటకూడదని నిబంధన ఉంది. దాటిన నీటిని మేం వదలం. చేపలు తగ్గడానికి మర పడవలు, సన్నకన్ను వలలు, నగరపు మురుగు చాలవా? మందు వల్లే చచ్చిన చేపను ఒక్కటి చూపించండి.

తీరవాసి: చూశాను కాబట్టే అడుగుతున్నాను. ఒడ్డుకు కొట్టుకొచ్చిన వాటి మొప్పలు ఎత్తి చూస్తే ఎరుపు లేదు, తెల్లగా పాలిపోయి జిగురు కట్టి ఉన్నాయి. ఫిర్యాదు చేస్తే మర్నాడు సాయంత్రం అధికారులు వచ్చి ఒక సీసాలో నీళ్లు పట్టుకెళ్లారు. చేపను తీసుకెళ్లలేదు. ఫలితం ఈ రోజుకీ చెప్పలేదు.

రసాయనశాల: నీటిలో ప్రాణవాయువు తగ్గినా చేపలు చస్తాయి. మొప్పల రంగు సాక్ష్యం కాదు.

మత్స్యవిద్యార్థిని: ఇద్దరూ చచ్చిన చేప దగ్గరే ఆగిపోయారు. మందు చేపను చంపనక్కర్లేదు. కెనడాలోని ఒంటారియోలో 2001 నుంచి 2003 వరకు ఒక ప్రయోగ సరస్సులో గర్భనిరోధక మాత్రల్లో వాడే ఈస్ట్రోజన్‌ను లీటరుకు 5, 6 నానోగ్రాముల మోతాదులో కలిపారు. మగ చేపల్లో గుడ్డు సొన ప్రొటీన్ తయారైంది, కొన్నింటి వృషణాల్లో గుడ్డు కణాలు కనిపించాయి. ఒక చిన్న చేప జాతి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. నీటి మీద తేలిన శవాలు లేవు. పిల్లలు పుట్టడం ఆగిపోయింది, అంతే. స్వల్ప మోతాదులోనే పనిచేయాలని మందును తయారు చేస్తాం, చేప ఒంట్లోనూ మనకున్నలాంటి గ్రాహకాలే (మందు వెళ్లి అతుక్కుని పనిచేసే చోట్లు) ఉన్నాయి.

ఇక సీవోడీ. అది మొత్తం సేంద్రియ పదార్థానికి ఒకే కొలత, ఏ మందు ఉందో చెప్పదు. 2007లో హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరులో మందుల కంపెనీల నీటిని శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉన్నట్టు ప్రచురించారు. ఆ ఒక్క మందే ఉంటే సీవోడీ 250 దాటదు. అంత మందున్న నీరు కూడా మీ పరీక్షలో పాసవ్వగలదు.

రసాయనశాల: సరస్సు మూసి ఉన్న నీరు. బంగాళాఖాతంలో ఎంత కలిసినా పలచబడిపోతుంది. పటాన్‌చెరు పాత కథ, పరిశ్రమ చాలా మారింది.

మత్స్యవిద్యార్థిని: పలచబడుతుంది, నిజమే. పైపు నోటి దగ్గర మాత్రం అది రోజూ కొత్తగా వస్తూనే ఉంటుంది. పరిశ్రమ మారిందంటున్నారు. వ్యర్థ జలాల్లో యాంటీబయాటిక్‌లకు పరిమితులు పెడుతూ 2020 జనవరిలో కేంద్రం ముసాయిదా ఇచ్చింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నిబంధనల్లో ఆ పరిమితులు లేవు. మారిందని దేన్ని కొలిచి చెప్పాలి?

గాజువాక_రవాణా: జనం మింగే మాత్రలు, ఆసుపత్రుల మురుగు కూడా సముద్రంలోకే కదా. దాని మాటెవరూ ఎత్తరే?

చేపలబుట్ట: దయచేసి ఈ చర్చ ఇక్కడితో ఆపండి. మా అమ్మ చేపలు అమ్ముతుంది. చచ్చిన చేపల ఫొటో ఫోన్లలో తిరిగిన వారం బుట్ట బుట్టగానే తిరిగొచ్చింది. ఐసు డబ్బులు కూడా రాలేదు. వంజరం కొనేవాళ్లు సైతం ఏ తీరానిదని అడిగి వెళ్లిపోయారు.

రసాయనశాల: చూశారా! తీరవాసి గారికి పరీక్ష కాదు కావలసింది, ఫ్యాక్టరీ మూతపడటం. ఒక్క వార్తతో విదేశీ ఆర్డరు పోతే ముందు బయటికి పంపేది మాలాంటి వాళ్లనే. నా పిల్లల చదువు ఆ జీతం మీదే నడుస్తోంది.

తీరవాసి: మూయమని నేనెక్కడ అన్నాను? భూములు తీసుకున్న రోజున ఇంటికో ఉద్యోగమన్నారు. డిగ్రీ చదివిన మా తమ్ముడికి గేటు దగ్గర కాపలా పని ఇచ్చారు. అదీ కాంట్రాక్టు మీద. అది మింగాం. ఇప్పుడు సముద్రం పాడైందని కూడా మేమే నిరూపించాలా? నీళ్లు వదిలేది మీరు, కొలిచే యంత్రాలు మీ దగ్గర, లెక్కలు మీ దగ్గర. హాని లేదని మీరు చూపించండి. మొదటి నుంచీ నేనడుగుతున్నది ఇదే.

రసాయనశాల: ఏ మందు ఎంత తయారవుతుందో బయటపెడితే పోటీ కంపెనీకి అప్పగించినట్టే. దానికి నేను ఒప్పుకోను.

మత్స్యవిద్యార్థిని: తయారీ లెక్క ఎవరూ అడగలేదు. పైపు నుంచి బయటికొచ్చాక ఆ నీరు కంపెనీది కాదు.

చేపలబుట్ట: పరీక్ష చేశాక మా చేపలో మందు ఉందని తేలితే? ఆ రోజు నుంచి మా ఇల్లు ఎవరు నడుపుతారు? ఇద్దరిలో ఒక్కరూ ఆ మాట చెప్పలేదు.

తీరవాసి: సోమవారం అనకాపల్లి కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తున్నాం. ఫలితం చెడుగా వస్తే, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధానికి ఇస్తున్నట్టే అమ్మేవాళ్లకు, పట్టేవాళ్లకు భృతి ఇవ్వాలని అందులో చేరుస్తాం చెల్లీ.

చేపలబుట్ట: వేట భృతి పడవల వాళ్లకే వస్తోంది, బుట్టల వాళ్లకు రావడం లేదు. మా పేరు విడిగా రాయండి. అప్పుడే అమ్మ సంతకం పెడుతుంది.

రసాయనశాల: నగరపు మురుగు నీటిని కూడా పరీక్షించమని అందులో లేకపోతే నేను పెట్టను.

తీరవాసి: అదీ రాస్తాం. మొదటి పరీక్ష మాత్రం పైపు దగ్గరే.