రేమండ్ బర్ సాయంత్రం, సెప్టెంబరు 12: ఎవరెవరు ఏం చూసుకోవాలి

సమన్వయం:
అందరికీ నమస్కారం. హాలీవుడ్ నటుడు రేమండ్ బర్ జ్ఞాపకార్థం పెడుతున్న సినిమా సాయంత్రానికి హాలు ఖాయమైంది. శనివారం సాయంత్రం 4:30 నుంచి రాత్రి 10:30 దాకా మనదే, శుభ్రం చేసి తాళాలిచ్చే టైము కూడా అందులోనే. 80 మందికి లెక్క వేసుకుంటున్నాం. ఆ తేదీనే ఎందుకని అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నా: 1993లో బర్ పోయింది ఆ రోజే. ఇక్కడే, కెనడాలోని మన న్యూ వెస్ట్‌మిన్‌స్టర్‌లో 1917 మే 21న పుట్టాడు. ఆరేళ్లప్పుడు తల్లి వెంట కాలిఫోర్నియాలోని వలేహో వెళ్లాడు. చివరికి ఇక్కడి ఫ్రేజర్ సిమెటరీలో తల్లిదండ్రుల దగ్గరికే చేరాడు. మధ్యాహ్నం 3 గంటలకి అక్కడికి వెళ్లాలనుకునేవాళ్లు కార్లు కలుపుకోండి. సమాధి మీద పెట్టడానికి పూలు చాలు. దీపాలు, అగరొత్తులు తేవద్దు, ఎండు గడ్డి ఉంటుంది.

సినిమాల ఎంపిక:
మనవాళ్లలో పెద్దవాళ్లకి బర్ అంటే టీవీ సీరియల్లో లాయరు పెర్రీ మేసన్. కొంతమందికి మేసన్ పేరు వింటే బర్ కన్నా ముందు, ఆ లాయరు కథలు రాసిన గార్డ్‌నర్ పేపర్‌బ్యాకులు గుర్తొస్తాయి. కానీ మేసన్ కాకముందు ఆయన పదేళ్లకు పైగా విలన్. 1946 నుంచి 1957 లోపు యాభై పైచిలుకు సినిమాలు చేశాడు, వాటిలో ఎక్కువ దుర్మార్గుడి వేషాలే. 1948లో వచ్చిన 'రా డీల్'లో మండుతున్న మద్యాన్ని ఒక ఆడమనిషి మీదకి విసిరేస్తాడు. భారీ మనిషి, గొంతు మాత్రం మెత్తగా, కిందిస్థాయిలో ఉంటుంది. భయం పుట్టేది ఆ రెండూ కలిసినచోటే. అందుకని ముందు విలన్, తర్వాత లాయర్ అన్న వరుసలో వెయ్యాలని నా పట్టు. 'రియర్ విండో' (1954) ముందు, పెర్రీ మేసన్ మొదటి ఎపిసోడ్ తర్వాత.

ప్రొజెక్టర్:
అన్నా, ఆ వరుస కుదరదు. సెప్టెంబరు 12న ఇక్కడ సూర్యాస్తమయం దాదాపు 7:30కి. హాలుకి పడమర వైపు నాలుగు కిటికీలు, ఉన్నవి పల్చటి తెరలు. 'రియర్ విండో'లో ఒకచోట అవతలి ఫ్లాట్లో చీకట్లో బర్ కూర్చుని ఉంటాడు, కనపడేదల్లా సిగరెట్ నిప్పు ఒక్కటే. పొగ పీల్చినప్పుడు ఎర్రగా వెలిగి మళ్లీ తగ్గుతుంది. తెర మీద కాస్త వెలుతురు పడినా ఆ చుక్క మాయం, సీనూ మాయం. కోర్టు సీన్లు నిండు వెలుతురులో తీసినవి కాబట్టి సంధ్యవేళ కూడా నిలబడతాయి. 8 గంటలకి సినిమా మొదలుపెడితే, 112 నిమిషాలు, 9:52కి అయిపోతుంది. సర్దుకోవడానికి అరగంట పైన మిగులుతుంది.

సినిమాల ఎంపిక:
సరే, ఒప్పుకున్నా. ఆలోచిస్తే అదే మేలు కూడా. ఒక గంట మేసన్‌ని ధర్మపక్షాన చూసి, భోంచేసి వచ్చాక, ఎదురింటి కిటికీలో తెల్లజుట్టు హంతకుడు ఎవరో గుర్తుపట్టడానికి జనానికి కాసేపు పడుతుంది. అప్పటికి బర్‌కి 36 ఏళ్లే. జుట్టు తెల్లబరిచి కళ్లజోడు పెట్టారు. సినిమాలో చాలాభాగం దూరం నుంచే కనిపిస్తాడు, మాటలు బాగా తక్కువ, నడకతోనూ భుజాలతోనూ లాక్కొచ్చాడు. మొహం దగ్గరగా చూపించేది చివర్లో.

విలన్ భాగం 20 నిమిషాల ప్రసంగంలో చెప్పేస్తాను. 'ఎ ప్లేస్ ఇన్ ద సన్' (1951) ముఖ్యం. అందులో బర్ ప్రాసిక్యూటరు. పడవని కోర్టులోకి తెప్పించి, తెడ్డుతో కొట్టి చూపిస్తూ ఆ తెడ్డే విరగ్గొడతాడు. ఆ వేషం పెర్రీ మేసన్ సీరియల్ నిర్మాత గెయిల్ పాట్రిక్ జాక్సన్ మనసులో ఉండిపోయింది. బర్‌ని మొదట పిలిచింది మేసన్ చేతిలో ఓడిపోయే ప్రాసిక్యూటర్ హామిల్టన్ బర్గర్ వేషం పరీక్షకి. బాగా ఒళ్లు తగ్గించాకే మేసన్ దక్కాడు, బర్గర్‌గా విలియం టాల్మన్ వచ్చాడు.

ఎపిసోడ్ సంగతి. 'డెడ్లీ వర్డిక్ట్' వేద్దామని ఇద్దరు ముగ్గురు రాశారు, మేసన్ ఓడిపోయేది అది. మంచిదే. కానీ 271 ఎపిసోడ్లలో గెలుస్తూ వచ్చే మనిషని ముందు తెలిస్తేనే ఓటమికి రుచి. కొత్తవాళ్లకి 1957 సెప్టెంబరు 21న ప్రసారమైన మొదటిదే సరి, 'రెస్ట్‌లెస్ రెడ్‌హెడ్'. సుమారు 50 నిమిషాలు. 6:15కి మొదలు, 7:05కి భోజనాలు.

"జూరీ ఏది?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఈ సీరియల్లో చాలా ఎపిసోడ్లు పూర్తి విచారణ కాదు, కేసు విచారణకు నిలుస్తుందో లేదో జడ్జి ఒక్కడే తేల్చే ప్రాథమిక విచారణ. 12 మందిని కూర్చోబెట్టే పని నిర్మాతకి తప్పింది. ప్రసంగంలో ముందే చెప్పేస్తే మధ్యలో గుసగుసలుండవు.

ప్రొజెక్టర్:
ఇంకో నాలుగు మాటలు.

సీరియల్ 4:3 చిత్రం. హాలు ప్రొజెక్టరు 16:9 నిండేలా లాగుతుంది. బర్ అసలే పెద్ద మనిషి, లాగితే ద్వారపాలకుడిలా కనిపిస్తాడు. డిస్క్ ప్లేయర్లోనూ ప్రొజెక్టర్లోనూ రెండుచోట్లా నిష్పత్తి మార్చాలి, ఒకచోట మర్చిపోయినా సాగుతుంది. పక్కల నల్ల పట్టీలు రావాలి. వస్తే సరిగ్గా ఉన్నట్టు.

ల్యాప్‌టాప్‌లో స్ట్రీమింగ్ యాప్ పెట్టి వేద్దామన్న ఆలోచన వద్దు. ఇంటి చందా హాలు ప్రదర్శనకి చెల్లదు, పైగా పాత హెచ్‌డీఎంఐ స్ప్లిటర్ మధ్యలో ఉంటే కాపీ రక్షణ వల్ల మాట వినిపించి బొమ్మ నల్లగా ఉండిపోతుంది. డిస్కే వాడదాం. ఇండియాలో కొన్న డీవీడీలు రీజియన్ 5, ఇక్కడి ప్లేయర్లకి రీజియన్ 1. ఎవరి దగ్గరో ఉందని తెచ్చి, ఆ రోజు సాయంత్రం పెట్టి చూస్తే ఏడుపే.

ఆ కాలం సౌండు మోనో. ఒక స్పీకరు పెంచితే ముందు వరుస చెవులు మూసుకుంటుంది, వెనకవాళ్లకి వినపడదు. రెండు స్పీకర్లూ తల ఎత్తులో పెట్టి బేస్ తగ్గించాలి. బర్ గొంతు కిందిస్థాయి, బేస్ ఎక్కువైతే అక్షరాలు ముద్దవుతాయి. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ వేసే ఉంచుదాం.

కిటికీలకి నల్ల ప్లాస్టిక్ షీటు కావాలి, అంచులకి పెయింటర్ల నీలం టేపు. మామూలు టేపు పెయింటు ఊడదీస్తుంది, డిపాజిట్ పోతుంది.

కరపత్రం:
తెలుగు సబ్‌టైటిల్స్ మనమే రాసుకుంటే? ఇద్దరం కూర్చుంటే వారంలో అయిపోతుంది.

లైసెన్సు:
అక్కా, ప్రదర్శన లైసెన్సులో అనువాదం హక్కు రాదు, దానికి విడిగా అనుమతి కావాలి. డిస్కు మీద మన ఫైలు పడదు కూడా. ఒక పేజీ తెలుగు కథాసారం ఇచ్చేద్దాం, హంతకుడెవరో మాత్రం రాయకుండా.

లైసెన్సు రెండు రకాలు. సినిమాకి, థియేటర్ బయట ప్రదర్శనల హక్కులిచ్చే కెనడా సంస్థకి రాయాలి. టికెట్టు ఉందా, ఎంతమంది, తేదీ అడుగుతారు. ఎపిసోడ్‌కి సినిమా లైసెన్సు వర్తించదు, దానికి విడిగా రాయాలి, జవాబు ఆలస్యం కావచ్చు. అందుకని రెండు ఉత్తరాలూ ఈ వారమే వెళ్తాయి. ఎపిసోడ్ రాకపోతే ప్రసంగం 40 నిమిషాలకి పెంచి, భోజనాలు 6:45కి పెడదాం. సినిమా మాత్రం 8కే. "అమెరికాలో పబ్లిక్ డొమైన్ అట" అని ఇంటర్నెట్లో ఒక సినిమా లింకు పంపారు. అమెరికాలో హక్కు తీరినంత మాత్రాన కెనడాలో తీరినట్టు కాదు, ఇక్కడి లెక్క వేరు. వద్దు.

భోజనాలప్పుడు పాత తెలుగు పాటలు పెడతామంటే సంగీతం లైసెన్సు ఎంటాండెమ్ అనే సంస్థ దగ్గర తీసుకోవాలి. హాలు వాళ్లదే సరిపోతుందేమో ముందు వాళ్లని అడుగుతాను.

కరపత్రం:
అర్థమైంది. అయితే బర్ జీవిత విశేషాల దగ్గర ఒక్క మాట. పాత పత్రికల నుంచి ఎత్తి రాయకండి. ఆయన గురించి దశాబ్దాలపాటు అచ్చయిన వాటిలో చాలా భాగం కల్పన. 1943లో లెస్లీ హోవర్డ్ విమానంలో చనిపోయిన మొదటి భార్య, లుకేమియాతో పోయిన పదేళ్ల కొడుకు, ఈ రెండింటికీ ఆధారాల్లేవు. తేలిన పెళ్లి ఇసబెల్లా వార్డ్‌తో 1948లో జరిగింది, 1952లో విడిపోయారు. తర్వాత చివరిదాకా ఆయన జీవిత భాగస్వామి రాబర్ట్ బెనెవిడెస్. పెద్దవాళ్లు వస్తారని "మిత్రుడు" అని రాసి దాటెయ్యడం నాకు ఇష్టం లేదు. "భాగస్వామి" అనే వేస్తున్నా.

బోర్డు మీద వేసేవి ఇవి: ఎమ్మీ టీవీ అవార్డులు 1959, 1961. పెర్రీ మేసన్ 1957 నుంచి 1966. చక్రాల కుర్చీలోంచే కేసులు తేల్చే శాన్‌ఫ్రాన్సిస్కో పోలీసు అధికారిగా 'ఐరన్‌సైడ్' 1967 నుంచి 1975. 1985 నుంచి మళ్లీ మేసన్‌గా 26 టీవీ సినిమాలు, ఆఖరిది ఆయన పోయాక నవంబరులో ప్రసారమైంది. 'గాడ్‌జిల్లా' కూడా వెయ్యమని పిల్లలు అడిగారు. 1956 అమెరికా కూర్పులో బర్ విలేఖరి. జపాన్ సినిమాలో లేని సీన్లు తీసి అతికించారు, ఆయనతో మాట్లాడే జపాన్ పాత్రలు కొన్ని వీపులే చూపిస్తాయి. అది పిల్లలు కనిపెట్టే ఆటగా ఒక కార్డు చేస్తున్నా.

పక్కన తెలుగు డిటెక్టివ్ పుస్తకాల బల్ల పెడుతున్నారు కదా, కొమ్మూరి సాంబశివరావు యుగంధర్‌ని తప్పక పెట్టండి. "తెలుగు పెర్రీ మేసన్" అని మాత్రం చీటీ అంటించకండి. యుగంధర్ డిటెక్టివ్, మేసన్ లాయరు.

వంట:
పులిహోర, పెరుగన్నం, ఒక కూర, ఒక స్వీటు. పులిహోరకి 6 కిలోల బియ్యం, 650 గ్రాముల చింతపండు. పులుసు ముందురోజే ఇంట్లో ఉడికించుకురావాలి. హాలు వంటింట్లో నూనె మరిగించడానికి వీల్లేదు, పొగకి అలారం మోగితే జనమంతా పార్కింగ్‌లో నిలబడాలి. కాబట్టి బజ్జీలు లేవు, అడగొద్దు.

టీ కోసం హాల్లో 100 కప్పుల పెర్కొలేటర్ ఉంది. అందులో పాలు పోస్తే అడుగంటి మాడిపోతాయి, వాసన వారమైనా పోదు. నీళ్లు మాత్రమే కాచి, డికాషన్ విడిగా, పాలు పొయ్యి మీద విడిగా. 7:50కి కప్పులు తీసేస్తాం, చీకట్లో వేడి టీ పట్టుకుని ఎవరూ నడవకూడదు.

సమన్వయం:
బాగుంది. ముగ్గురు పెద్దవాళ్లు వీల్‌చైర్లతో వస్తున్నారు, ర్యాంప్ వెనక తలుపు దగ్గర. ఆ తలుపుకి నల్ల షీటు కట్టెయ్యకండి, కిటికీలకే కట్టండి. రెండో వరుసలో మూడు కుర్చీలు తీసేసి జాగా ఉంచుతాం. ఇంకా కావాల్సింది: షీటు కట్టడానికి నిచ్చెన ఉన్నవాళ్లు ఒకరు, 4:30కల్లా.

ప్రొజెక్టర్:
నిచ్చెన నా దగ్గర ఉంది, ఎనిమిది అడుగులది. పట్టుకోవడానికి ఇంకొకరు రండి.