పర్లాకిమిడిలో ఏ ప్రభుత్వ ఉన్నత పాఠశాల మేలు?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా అమ్మాయి ఈ ఏడాది ఏడో తరగతి పూర్తిచేస్తోంది. మాకు అందుబాటులో రెండు ప్రభుత్వ ఉన్నత పాఠశాలలున్నాయి. ఒకదానిలో స్మార్ట్ తరగతులు, మంచి ప్రయోగశాల ఉన్నాయి గాని తెలుగు చెప్పేవారు లేరు. రెండోదానిలో తెలుగు మాస్టారున్నారు గాని గోడలు పెచ్చులూడుతున్నాయి. దేనిలో చేర్పించమంటారు?

జవాబు 1:
రెండు బడుల పిల్లలూ రాసేది కటకంలోని మాధ్యమిక విద్యా మండలి పరీక్షే కనుక, తేడా పాఠ్యపుస్తకాల్లో కాదు, చెప్పేవారిలో ఉంటుంది. ఉత్తీర్ణత శాతం ఒక్కటే చూడకండి. ముప్పై మంది రాసిన బడిలో నూరు శాతమూ, రెండువందల మంది రాసిన బడిలో తొంభై శాతమూ ఒకే తూకానికి రావు. ఎనిమిదో తరగతి పిల్లల లెక్కల నోటుపుస్తకం ఒకటి అడిగి తిరగేయండి. ఎర్రసిరా దిద్దుబాట్లు ఏ పేజీలో ఆగిపోయాయో చూస్తే, మాస్టారి పోస్టు ఎప్పటినుంచి ఖాళీగా ఉందో అర్థమైపోతుంది.

జవాబు 2:
ఒడిశా ప్రభుత్వం నడిపే ఆంగ్ల మాధ్యమ బడి ఆదర్శ విద్యాలయంలో ప్రవేశం ప్రధానంగా ఆరో తరగతిలో, పరీక్ష ద్వారా జరుగుతుంది. పాపకు ఆ అదను దాటింది గాని, పై తరగతుల్లో ఖాళీలుంటే వాటికీ పరీక్ష పెడుతుంటారు, కనుక్కోండి. తమ్ముడో చెల్లెలో ఉంటే గుర్తుంచుకోండి.

జవాబు 3:
మాతృభాషలో బోధన గురించి రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం చెప్పేది ప్రాథమిక దశ వరకే. అందువల్ల ఉన్నత పాఠశాలలో తెలుగు నిలవడం తెలుగు మాస్టారి పోస్టు ఒక్కదాని మీదే ఆధారపడుతుంది. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరిలో ఈ వెతుకులాట ఏమిటో! లెక్కలు, సైన్సు చెప్పేవారు ఉన్నట్లయితే నేను పెచ్చులూడిన బడికే ఓటేస్తాను.

ప్రశ్నించినవారు:
సోమవారం వెళ్లి నోటుపుస్తకాలు చూసి వస్తానండి.