భారత ఫుట్‌బాల్ జట్టు పగ్గాలు ఎవరికి? జమీల్, కాన్‌స్టంటైన్, తార్కోవిచ్‌లలో మీ మాట చెప్పండి

గచ్చిబౌలి గ్యాలరీ | 2025 జూలై 27

జాతీయ జట్టుకు కోచ్ కావాలన్న అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ప్రకటనకు 170 దరఖాస్తులు వచ్చాయి. ఐ.ఎం. విజయన్ అధ్యక్షతన సాంకేతిక కమిటీ వాటిని వడపోసి ముగ్గురిని మిగిల్చింది: ఖాలిద్ జమీల్, స్టీఫెన్ కాన్‌స్టంటైన్, స్టెఫాన్ తార్కోవిచ్. స్పెయిన్ దిగ్గజం షావి వస్తాడని ఆశపడిన మిత్రులకు ఒక మాట. ఆ పేరుతో వచ్చిన దరఖాస్తు అసలైనది కాదని సమాఖ్యే చెప్పింది కాబట్టి ఈ ముగ్గురి గురించే మాట్లాడుకుందాం.

నా మాట జమీల్‌కు. ఎందుకో చెప్పే ముందు, ఇప్పుడే తప్పుకున్న కోచ్ మనోలో మార్కెజ్ గురించి చెప్పాలి. హైదరాబాద్ అభిమానులకు ఆయన పరాయివాడు కాదు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్ మీద మన హైదరాబాద్ ఆడిన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫైనల్ గుర్తుందా? చివరి నిమిషాల్లో సాహిల్ తవోరా కొట్టిన గోలుతో ఊపిరి పీల్చుకున్నాం. షూటౌట్‌లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. ఆ జట్టును తీర్చిదిద్దింది మనోలోనే. గత ఏడాది జూలైలో దేశం జట్టును ఆయన చేతిలో పెట్టినప్పుడు నేను ఎగిరి గంతేశాను. ఏడాది తిరిగేసరికి ఎనిమిది మ్యాచ్‌లలో ఒక్కటే గెలుపు, అదీ మాల్దీవుల మీద. షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్‌తో గోలు లేని డ్రా. జూన్ 10న హాంకాంగ్‌లో చివరి క్షణాల పెనాల్టీతో ఓటమి. ఫిఫా ర్యాంకు 133కు దిగజారింది.

మనిషి మారలేదు, పని మారింది. క్లబ్బులో నెలల తరబడి రోజూ సాధన చేయించి ఆటగాడిని మలుచుకోవచ్చు. దేశం జట్టుకు ఆటగాళ్లు వచ్చేది మ్యాచ్‌కు కొద్ది రోజుల ముందు. ఆ కొద్ది రోజుల్లో కొత్త ఆట నేర్పడం ఎవరి తరమూ కాదు. ఉన్నవాళ్లలో ఎవరు దేనికి పనికొస్తారో ముందే తెలిసినవాడు కావాలి. తక్కువ వనరులతో నెట్టుకొచ్చిన అనుభవం కావాలి. 2017లో మిజోరం క్లబ్బు ఐజ్వాల్‌ను జాతీయ లీగ్ అయిన ఐ-లీగ్ విజేతగా నిలబెట్టాడు జమీల్. అంతకు ముందు సీజన్లో కింది శ్రేణికి పడిపోయి, మళ్లీ చోటు దక్కించుకున్న జట్టు అది. గత సీజన్లో జంషెడ్‌పూర్‌ను ఐఎస్ఎల్ సెమీస్‌కు, సూపర్ కప్ ఫైనల్‌కు తీసుకెళ్లాడు. వరుసగా రెండేళ్లు సమాఖ్య ఇచ్చే ఉత్తమ కోచ్ పురస్కారం ఆయనకే వచ్చింది. 2012లో సావియో మెదీరా తప్పుకున్న తర్వాత భారతీయ కోచ్‌కు పూర్తిస్థాయి అవకాశం ఇవ్వనేలేదు. ఇంకా ఎన్నాళ్లు ఆగాలి?

లెక్కల పుస్తకం | జూలై 27

ఐజ్వాల్ విజయాన్ని నేనూ నెత్తిన పెట్టుకుంటాను. కానీ అంతర్జాతీయ మ్యాచ్‌లో ఒక్కసారి కూడా ప్రధాన కోచ్‌గా నిలబడని మనిషికి, ఆసియా కప్ అర్హత పోటీల గ్రూపులో అట్టడుగున ఉన్న జట్టును అప్పగించి గట్టెక్కించమనడం న్యాయమా?

కాన్‌స్టంటైన్ గురించి మాట్లాడేటప్పుడు మన అభిమానులు అంకెలను ఎందుకు మరిచిపోతారో నాకు అర్థం కాదు. ఆయన రెండోసారి వచ్చిన 2015లో మన ర్యాంకు 173కు పడిపోయింది. 2017 జూలైకి అది 96. 2019 ఆసియా కప్‌కు అర్హత సాధించి, మొదటి మ్యాచ్‌లోనే అబుదాబిలో థాయిలాండ్‌ను 4-1తో ఓడించాడు. చివరి మ్యాచ్‌లో బహ్రెయిన్‌తో డ్రా చేసుకుంటే నాకౌట్‌కు వెళ్లేవాళ్లం. 90 నిమిషాలు దాటాక ఇచ్చిన పెనాల్టీ ఒక్కటే మనల్ని ఇంటికి పంపింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ తర్వాత ఏమైంది? ఐదేళ్ల తర్వాత ఖతార్‌లో జరిగిన ఆసియా కప్‌లో మూడింటికి మూడూ ఓడాం, ఒక్క గోలు కూడా కొట్టలేదు. 2023లో పాకిస్తాన్‌కు ప్రపంచ కప్ అర్హత పోటీల్లో తొలి గెలుపు తెచ్చిపెట్టింది కూడా కాన్‌స్టంటైనే. బలహీనమైన జట్లను నిలబెట్టడం ఆయనకు చేతనైన పని. ఆయన ఆట చూడముచ్చటగా ఉండదని అంటారు. ఒప్పుకుంటాను. ఇప్పుడు మనకు కావలసింది ముచ్చట కాదు, అక్టోబర్‌లో ఆరు పాయింట్లు.

సాగర తీరం | జూలై 27

విశాఖలో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతుంటాను. తార్కోవిచ్ గురించి ఎవరూ మాట్లాడటం లేదు కాబట్టి నేను చెబుతాను. ముగ్గురిలో పెద్ద వేదిక చూసింది ఆయనే. స్లొవేకియాను యూరో 2020లో నడిపించి పోలండ్‌ను 2-1తో ఓడించాడు. తర్వాత కిర్గిజ్‌స్తాన్‌తో పనిచేశాడు కాబట్టి ఆసియా ఆట కూడా తెలుసు.

అయితే ఆయన కిర్గిజ్‌స్తాన్ గత ఆసియా కప్‌లో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. మన ఆటగాళ్ల పేర్లు నేర్చుకోవడానికే ఆయనకు రెండు నెలలు పడుతుంది. మరో సందర్భంలో అయితే ఆయన పేరే చెప్పేవాడిని.

సింగపూర్ తెలుగువాడు | జూలై 28

సాగర తీరం గారి చివరి మాటే అసలు మాట. అక్టోబర్ 9న ఇక్కడ సింగపూర్‌తో మ్యాచ్, 14న మన దేశంలో మళ్లీ వాళ్లతోనే. గ్రూపులో మొదటి జట్టుకే 2027 ఆసియా కప్‌కు చోటు. రెండు మ్యాచ్‌లు ఆడి మనం సంపాదించింది ఒక్క పాయింటు. సింగపూర్ చేతిలో నాలుగున్నాయి.

మిగిలింది పది వారాలు. ఇక్కడి జట్టు మెరుపుల జట్టేమీ కాదు, కానీ ఒకరి కదలిక ఒకరికి తెలుసు. వాళ్ల ముందు ఇంకా పరిచయాలు చేసుకుంటున్న జట్టును దింపితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. మైదానంలో మన జెండా పట్టుకుని కూర్చునేవాళ్లలో నేనూ ఉంటాను. ఆటగాళ్లను రాత్రికి రాత్రి గుర్తుపట్టగలిగే మనిషినే పంపండి. నా మాట కూడా జమీల్‌కే.

ఫతేమైదాన్ పెద్దాయన | జూలై 28

స్వదేశీ కోచ్ అనగానే ఎవరో ఒకరు రహీం సాహెబ్ పేరు ఎత్తుతారని ఎదురుచూశాను. ఇంకా ఎవరూ ఎత్తలేదు. ఎవరైనా తప్పుగా ఎత్తక ముందే నేనే చెబుతాను. ఆయన నేర్పిన ఆటగాళ్లను చూస్తూ పెరిగినవాడిని. ఇంట్లో మా నాన్నగారు అన్నం ముందు కూర్చుని కూడా సిటీ పోలీసు జట్టు గురించే మాట్లాడేవారు.

సయ్యద్ అబ్దుల్ రహీం భారతీయుడు కాబట్టి గొప్ప కోచ్ కాలేదు. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. ఏ బస్తీలో ఏ కుర్రాడు ఎడమకాలితో ఆడతాడో, ఎవరు అలసిపోయినా పరుగు ఆపరో ఆయనకు తెలుసు. 1950లో సిటీ పోలీసు జట్టును చేపట్టాడు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ టోర్నీ గెలిచింది. ఆ కాలంలోనే, 1951లో ఢిల్లీలో తొలి ఆసియా క్రీడల స్వర్ణం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. 1962లో జకార్తాలో మళ్లీ స్వర్ణం. మధ్యలో 1952 హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యాం, అదీ ఆయన శిక్షణలోనే. ఈ రోజుల్లో అయితే ఆయనను మర్నాడే ఇంటికి పంపేవారు. అప్పుడు పంపలేదు. నాలుగేళ్లకు మెల్‌బోర్న్ వచ్చింది.

జకార్తాలో ఆయన చేసిన ఒక పని చెబుతాను. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఇంకొకరైతే అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టేవారు. రహీం సాహెబ్ అతన్ని ఫార్వర్డ్‌గా దింపారు. కళాశాల రోజుల్లో జర్నైల్ ముందు వరుసలో ఆడేవాడని ఆయనకు తెలుసు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద మన 2-1 గెలుపులో ఒక గోలు జర్నైల్‌ది, ఇంకొకటి పి.కె. బెనర్జీది. అప్పటికే సాహెబ్ ఒంట్లో కేన్సర్ ఉంది. 1963 జూన్‌లో కన్నుమూశారు.

అందుకే ఇద్దరికీ చెబుతున్నాను. గచ్చిబౌలి గ్యాలరీ అన్న ‘తెలిసినవాడు కావాలి’ అనే మాట నిజం. లెక్కల పుస్తకం అన్న ‘అంతర్జాతీయ అనుభవం’ కూడా నిజమే. రెండూ ఒకే మనిషికి రావాలంటే సమయం ఇవ్వాలి. రహీం సాహెబ్‌కు పదమూడేళ్లు దొరికాయి. జమీల్‌కు పదమూడు మ్యాచ్‌లు దొరుకుతాయా? అది తేలకుండా పేరు గురించి కొట్లాడుకోవడం నాకు సరిగా తోచదు.

లెక్కల పుస్తకం | జూలై 28

పెద్దాయనా, మీరు చెప్పిన జర్నైల్ సింగ్ సంగతి నాకు తెలియదు. తెలిసినందుకు సంతోషం. కానీ ఒక అభ్యంతరం. రహీం గారు సిటీ పోలీసు జట్టునూ దేశం జట్టునూ కలిపి నడిపారు. మనోలో కూడా ఎఫ్‌సీ గోవా క్లబ్బునూ దేశం జట్టునూ కలిపి నడిపాడు. అప్పుడు ఒప్పయింది ఇప్పుడు తప్పెలా అయింది? మరి జమీల్ జంషెడ్‌పూర్ కోచ్‌గానే ఉన్నాడు కదా. ఆయన కూడా రెండు పడవల మీద కాళ్లు పెడతాడా?

ఫతేమైదాన్ పెద్దాయన | జూలై 28

మంచి ప్రశ్న, నాయనా. రహీం సాహెబ్ రోజుల్లో దేశం జట్టుకు ఏటా ఇన్ని మ్యాచ్‌లు లేవు. పైగా హైదరాబాద్ కుర్రాళ్లు జాతీయ జట్టులో చాలామంది ఉండేవారు. బలరాం, థంగరాజ్ మన గడ్డ మీద పుట్టినవాళ్లే. క్లబ్బులో నేర్పింది దేశం జట్టులో పనికొచ్చేది. ఇప్పుడు ఆ వెసులుబాటు లేదు. జమీల్ వస్తే జంషెడ్‌పూర్ వదిలే రావాలి. రెండూ పట్టుకుంటానంటే నేనే వద్దంటాను.

ఇందూరు | జూలై 29

ఇంత పొడవైన చర్చలో ఈ నెలలోనే జరిగిన సంగతి ఒక్కరికీ గుర్తు రాకపోవడం నాకు బాధ కలిగించింది. జూలై 5న చియాంగ్ మాయ్‌లో థాయిలాండ్‌ను వాళ్ల గడ్డ మీదే 2-1తో ఓడించి మన అమ్మాయిలు 2026 మహిళల ఆసియా కప్‌కు అర్హత సాధించారు. అర్హత పోటీలు గెలిచి వెళ్లడం ఇదే మొదటిసారి. ఆ జట్టు కోచ్ క్రిస్పిన్ ఛెత్రి, భారతీయుడు. ఆ జట్టులో మా నిజామాబాద్ అమ్మాయి గుగులోత్ సౌమ్య ఉంది. మా వీధిలో ఆ వార్త తెలిసిన రోజు పండగలా గడిచింది.

భారతీయ కోచ్‌కు అంతర్జాతీయ మ్యాచ్‌లు గెలిపించడం చేతనవుతుందా అని ఇక్కడ అడుగుతున్నారు. మూడు వారాల కిందటే జవాబు వచ్చింది. చూడనివాళ్లు చూడండి.

గచ్చిబౌలి గ్యాలరీ | జూలై 29

ఇందూరు గారూ, తప్పు నాదే. మొదటి మాటలోనే చెప్పవలసింది.

జమీల్ ఆట గురించి నాకు ప్రైవేటుగా వచ్చిన విమర్శకు ఇక్కడే జవాబిస్తాను. ఆయన జట్లు వెనక్కి తగ్గి కాచుకుంటాయి, బంతి దొరికితే పొడవుగా ముందుకు కొడతాయి అంటున్నారు. నిజమే. జంషెడ్‌పూర్ చేతిలో బంతి ఎక్కువసేపు ఉండదు. కానీ హాంకాంగ్‌లో మనం ఓడింది బంతి లేక కాదు. ముందుకు వెళ్లాక గోలు కొట్టేవాడు లేక. కాచుకోవడం తెలిసిన జట్టుకు గోలు కొట్టే వీలు ఒకటి రెండు సార్లయినా దొరుకుతుంది. ఏప్రిల్‌లో రెండు మ్యాచ్‌ల ఐఎస్ఎల్ సెమీఫైనల్లో మొదటిదాన్ని ఆయన జట్టు సొంత మైదానంలో మోహన్ బాగాన్ మీద 2-1తో గెలిచింది. రెండో మ్యాచ్‌లో ఓడి ఫైనల్ చేజార్చుకుంది, నిజమే. అయినా డబ్బులోనూ ఆటగాళ్లలోనూ ఆ రెండు జట్లకూ మధ్య ఉన్న తేడా తెలిసినవాళ్లు ఆ సెమీఫైనల్‌ను చిన్నచూపు చూడరు.

నాకు నిజంగా భయం వేస్తున్నది ఇంకో విషయం. ఈ సీజన్ ఐఎస్ఎల్‌ను నిలిపివేశారు. సమాఖ్యకూ నిర్వాహకులకూ మధ్య ఒప్పందం డిసెంబర్‌తో ముగుస్తుంది, కొత్తది కుదరలేదు. ఆటగాళ్లు మ్యాచ్‌లు లేకుండా ఇళ్లలో కూర్చుంటే ఏ కోచ్ వచ్చినా ఎవరిని చూసి ఎంచుకుంటాడు?

లెక్కల పుస్తకం | ఆగస్టు 1

ఇవాళ కార్యవర్గం జమీల్‌ను ఎంపిక చేసింది. నేను కోరుకున్న పేరు కాదు. అయినా ఇక నుంచి ఆయన నా కోచ్ కూడా. మొదటి మ్యాచ్ ఓడితే ఇక్కడికి వచ్చి ‘నేను ముందే చెప్పాను’ అనను. పెద్దాయన చెప్పిన హెల్సింకీ నాకు గుర్తుంటుంది.

ఒక్కటే అడుగుతాను. ఎల్లుండి సునీల్ ఛెత్రికి 41 నిండుతాయి. మార్చిలో రిటైర్మెంట్ నుంచి వెనక్కి పిలిచి ఆడించారు. సింగపూర్‌లో కూడా ముందు వరుసలో ఆయన్నే నిలబెడతారా, లేక ఇంకొకరినా? జమీల్ ముందుగా తేల్చవలసింది అదే.

సింగపూర్ తెలుగువాడు | ఆగస్టు 1

టికెట్లు ఎప్పుడు అమ్మకానికి పెడతారో చూస్తున్నాను. ఇక్కడికి వచ్చేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, అందరం ఒకే వరుసలో కూర్చుందాం.