తిరుపతిలో రెండు పిల్లులతో బాడుగ ఇల్లు వెతుకుతున్నాం, దారి చెప్పండి

కొర్లగుంట అక్క:

అందరికీ నమస్తే. ఐదేళ్లుగా కొర్లగుంటలో బాడుగకు ఉంటున్నాం. ఓనర్ వాళ్లు ఇల్లు అమ్మేస్తున్నారు, వచ్చే నెలాఖరుకు ఖాళీ చేయాలి. మా ఆయనకు రేణిగుంట దగ్గర కంపెనీలో షిఫ్టు డ్యూటీ, నాకు ఆస్పత్రిలో డ్యూటీ. పిల్లలు లేరు. మాతో పాటు రెండు పిల్లులున్నాయి: బుజ్జికి మూడేళ్లు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అయిపోయింది. రెండోది నల్లోడు, ఏడాది నిండింది, వాడికి ఇంకా చేయించలేదు. వాన రోజు కాలవ పక్కన దొరికాడు, అప్పటికి కళ్లు కూడా సరిగ్గా తెరవలేదు, రెండు గంటలకోసారి లేచి సిరంజితో పాలు పట్టి పెంచాను.

ఇప్పటికి పదకొండు ఇళ్లు చూశాం. కొందరు ఫోన్‌లోనే "పిల్లులా, వద్దమ్మా" అని పెట్టేశారు, వాళ్ల మీద నాకు కోపం లేదు. బైరాగిపట్టెడలో ఒక పెద్దామె మాత్రం ఇల్లంతా చూపించి, బాడుగ మాట్లాడి, తాళంచెవి నా చేతిలో పెట్టబోతూ "ఏం రంగు పిల్లులు?" అని అడిగారు. ఒకటి నల్లది అన్నాను. ఆమె ఏమీ అనకుండా తాళంచెవి మళ్లీ బొడ్డులో దోపుకున్నారు. ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను. ఇంకో చోట, కేటీ రోడ్డు వైపు, ఓనర్ గారు శాకాహారులు, పిల్లులు ఉండొచ్చు గానీ పెరుగన్నం తప్ప ఇంకేం పెట్టకూడదు అన్నారు. మంచి మనిషే, ఇల్లు కూడా బాగుంది, ఏం చెప్పాలో తెలియక రెండు రోజులు టైం అడిగాను.

మా అత్తగారేమో "పాకాల దగ్గర మన ఊళ్లో వదిలేయండి, ఎలకలు పట్టుకుని బతుకుతాయి" అంటున్నారు. తెలిసినవాళ్లు ఓనరుకు చెప్పకుండా చేరిపోండి, తర్వాత చూసుకోవచ్చు అంటున్నారు. మా బడ్జెట్ 12 వేలు, డబుల్ బెడ్‌రూమ్ కావాలి. ఏ ఏరియాలో వెతకాలి, ఓనరుకు ఎలా చెప్పాలి, పిల్లులతో ఇల్లు మారినవాళ్లు ఎవరైనా చెప్పండి. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు, అంత టెన్షన్‌గా ఉంది.

తుమ్మలగుంట నివాసి:

అక్కా, ముందు ఒక మాట. చెప్పకుండా మాత్రం చేరొద్దు. మేం ఆ పని చేశాం. ఎం.ఆర్. పల్లిలో ఉన్నప్పుడు ఒక్క పిల్లే కదా అని దాచాం, ఓనరు పైకి వచ్చినప్పుడల్లా దాన్ని బాత్‌రూమ్‌లో పెట్టి తలుపేసేవాళ్లం. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు మాకు మేమే ఎవరికీ తెలియదనుకున్నాం గానీ వీధిలో అందరికీ తెలుసు, కిటికీలో కూర్చుంటుంది కదా. నాలుగో నెలలో ఆయన వచ్చి వారం టైం ఇచ్చారు. మేం చెప్పలేదన్న బాధే ఆయనకు ఎక్కువ, "ముందే చెప్పుంటే ఆలోచించేవాణ్ణి కదయ్యా" అన్నారు. ఆ వారంలో మేం పడిన అవస్థ ఎవరికీ వద్దు.

ఏరియా గురించి చెప్తాను. బైరాగిపట్టెడ, భవానీ నగర్, కేటీ రోడ్డు, ఇవన్నీ ఓనరు కింద, బాడుగ వాళ్లు పైన ఉండే ఇళ్లు, ఒకే మెట్లు, ఒకే వాకిలి. అక్కడ పిల్లి అంటే భయపడతారు, ఎందుకంటే వాళ్ల వంటింట్లోకి, దేవుడి గదిలోకి దూరుతుందేమోనని. మీరు తుమ్మలగుంట, అవిలాల, పేరూరు, మంగళం, కరకంబాడి రోడ్డు వైపు రండి. ఇటు విడి ఇళ్లు ఎక్కువ, చాలామంది ఓనర్లు బెంగళూరులోనో చెన్నైలోనో ఉంటారు, వాళ్లకు కావాల్సింది నెల నెలా బాడుగ, ఇల్లు శుభ్రంగా ఉండటం. మీ ఆయనకు రేణిగుంట డ్యూటీ కాబట్టి కరకంబాడి రోడ్డు దగ్గర పడుతుంది.

బ్రోకరు దగ్గరికి వెళ్తే మొదటి మాటే పిల్లుల గురించి చెప్పండి, లేకపోతే ఆయన ఇరవై ఇళ్లు తిప్పుతాడు, ప్రతి చోటా కాదనిపించుకుని మీ మనసే పాడవుతుంది. ఇంకోటి, ఇప్పుడున్న ఓనరు మీతో బాగానే ఉంటే ఆయన్ని కొత్త ఓనరుతో ఒక్కసారి ఫోన్‌లో మాట్లాడమనండి. మాకు ఇల్లు దొరికింది అలాగే. ఐదేళ్లు రెండు పిల్లులతో ఉన్నారు, గోడకు గీత పడలేదు అని ఒక ఓనరు ఇంకో ఓనరుకు చెప్తే దానికున్న విలువ మనం గంటసేపు బతిమాలినా రాదు.

కొండ కింద, అలిపిరి, జీవకోన, యూనివర్సిటీల వైపు దొరికితే తీసుకోండి గానీ పిల్లుల్ని బయటికి వదలొద్దు. కోతులున్నాయి, చిరుత కనబడిందని వార్తలు కూడా వస్తూనే ఉంటాయి.

ఒక ఇంటి యజమాని, పద్మావతిపురం:

అమ్మా, నేను ఇళ్లు బాడుగకు ఇచ్చేవాణ్ణి, మా వైపు మాట కూడా వినండి. మాకు పిల్లుల మీద ద్వేషం లేదు. ఒకసారి నష్టపోయాక భయం పట్టుకుంటుంది. మా పై పోర్షన్‌లో రెండేళ్లున్న కుటుంబం ఖాళీ చేశాక తలుపు తీస్తే లోపల నిలబడలేకపోయాం. బెడ్‌రూమ్ కప్‌బోర్డు కింది ప్లైవుడ్‌లోకి ఉచ్చ ఇంకిపోయి చెక్క ఉబ్బిపోయింది. ఎన్నిసార్లు కడిగినా వాన పట్టినప్పుడల్లా ఆ వాసన మళ్లీ లేచేది, చివరికి చెక్క పీకేసి కొత్తది వేయించాను. కిటికీల దోమల మెష్ నాలుగు చోట్ల చీలిపోయి ఉంది. అప్పటిదాకా ఇంట్లో పిల్లి ఉందన్న సంగతే మాకు తెలియదు.

కాబట్టి మీలాంటివాళ్లు వచ్చి "ఇవిగో రెండు పిల్లులు, ఇవి ఉచ్చకూ దొడ్డికీ వెళ్లే ఇసుక ట్రే ఇక్కడ పెడతాం, రోజూ ఇలా శుభ్రం చేస్తాం" అని కూర్చుని చెప్తే నేనైతే ఇస్తాను. ఓనరును ఇప్పుడున్న మీ ఇంటికి రమ్మని పిలవండి. పిల్లులున్న ఇల్లు వాసన రాకుండా ఉంటుందని ముక్కుతో తెలుసుకుంటేనే నమ్మకం కుదురుతుంది. ఒక నెల బాడుగ ఎక్కువ అడ్వాన్సు ఇస్తామనండి. పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకునేటప్పుడు, ఇంట్లో రెండు పెంపుడు పిల్లులు ఉంటాయని ఓనరుకు తెలుసు, వాటి వల్ల తలుపులకు, మెష్‌కు, కప్‌బోర్డులకు నష్టం జరిగితే అడ్వాన్సులోంచి పట్టుకోవచ్చు అని ఒక వాక్యం చేర్చండి. అది మీకూ మంచిదే, రేపు ఎవరో పక్కింటివాళ్లు ఫిర్యాదు చేశారని ఉన్నట్టుండి మాట మార్చడం కష్టమవుతుంది. చేరే రోజు ప్రతి తలుపు, ప్రతి మెష్ ఫోటో తీసి ఓనరుకు పంపండి. పాత గీతలు మీ పిల్లుల మీద పడకుండా ఉంటాయి.

ఆ పిల్లి ఇసుక మాత్రం టాయిలెట్‌లో పోయకండమ్మా. నీళ్లు తగిలితే ఉబ్బి గట్టిపడుతుంది, పైపు పూడిపోతుంది. కవర్లో కట్టి చెత్త బండికి వేయండి.

పశువైద్య విద్యార్థి:

నేను ఇక్కడ వెటర్నరీ కాలేజీలోనే చదువుతున్నాను, తెలిసినంతవరకు చెప్తాను. అక్కా, ఇల్లు వెతకడం కంటే ముందు నల్లోడికి ఆపరేషన్ చేయించండి, ఈ వారమే. ఏడాది నిండిన మగపిల్లి కొత్త ఇంట్లోకి వెళ్లగానే ఇది నా చోటు అని గోడల మీద, తలుపుల మీద ఉచ్చ చిమ్ముతుంది. పైన ఓనర్ గారు చెప్పిన ఘాటు వాసన ఎక్కువగా ఆపరేషన్ కాని మగపిల్లుల ఉచ్చదే. మగ హార్మోను తగ్గితే ఆ ఘాటూ తగ్గుతుంది, చాలావాటిలో చిమ్మే అలవాటు కూడా పోతుంది. ఆపరేషన్ అయ్యాక ఆ వాసన, అలవాటు తగ్గడానికి కొన్ని వారాలు పట్టొచ్చు కాబట్టి ఇల్లు మారే రోజు దాకా ఆగొద్దు. మన వెటర్నరీ యూనివర్సిటీ ఆస్పత్రిలో అడగండి. అప్పుడే రేబిస్ టీకా, పిల్లులకు వేసే కంబైన్డ్ టీకా వేయించి పుస్తకంలో రాయించుకోండి, ఓనరు ముందు ఆ పుస్తకం పెడితే సగం అనుమానం పోతుంది.

పెరుగన్నం సంగతి. ఆ ఓనర్ గారి నమ్మకాన్ని నేను గౌరవిస్తాను, కానీ ఆ షరతుకు ఒప్పుకోవద్దు. పిల్లి పూర్తిగా మాంసాహారి. టారిన్ అనే పోషకాన్ని దాని శరీరం సరిపడా తయారు చేసుకోలేదు, అది తిండి నుంచే రావాలి, మాంసం, చేపల్లో ఉంటుంది. నెలల తరబడి పెరుగన్నం మీదే పెంచితే చూపు పోతుంది, గుండె కండరం బలహీనమవుతుంది. ఆయనతో ఉన్నది ఉన్నట్టు మాట్లాడండి. ఇంట్లో చేపలు ఉడకబెట్టం, డబ్బాలో వచ్చే పొడి మేత మాత్రమే పెడతాం, వాసన బయటికి రాదు అనండి. ఒప్పుకుంటే సరే, లేకపోతే వేరే ఇల్లు చూడండి.

ఇంకొక విషయం చాలామందికి తెలియదు. కొత్త ఇంట్లో దిగేముందు ఫినాయిల్‌తో కడిగిస్తారు కదా, అది ఆరేదాకా పిల్లుల్ని లోపలికి తేవొద్దు, తర్వాత కూడా నేల తుడవడానికి వాడొద్దు. పిల్లి నడిచిన తడి పాదాలనే నాకుతుంది, ఫినాల్ లాంటివాటిని విరగ్గొట్టే శక్తి దాని కాలేయానికి చాలా తక్కువ. మనిషికి వేసే పారాసిటమాల్ మాత్ర పిల్లిని చంపేదీ అందుకే. బీరువాలో వేసే కలరా ఉండలు, దేవుడి దగ్గర కర్పూరం కూడా అందకుండా పెట్టండి.

ఊళ్లో వదిలేయడం మాత్రం వద్దు. ఇంట్లో పెరిగిన పిల్లికి వీధి తెలియదు. పాత ఇంటి కోసం వెతుక్కుంటూ బయల్దేరి రోడ్డు మీదే పోతాయి, లేదా కుక్కల పాలవుతాయి. పెంచిన జంతువును ఆకలిదప్పులకు గురయ్యేలా వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం కూడా. పిల్లి తన కూనల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు మన పెద్దవాళ్లు, నోటితో కరుచుకుని ఒక్కో కూననే మోస్తుంది గానీ ఒక్కదాన్నీ వదిలిపెట్టదు. మీ అత్తగారికి ఆ మాటే చెప్పి చూడండి.

కరకంబాడి రోడ్డు:

అపార్ట్‌మెంట్ల సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి చెప్తున్నాను. జంతు సంక్షేమ బోర్డు 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది, అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు మెజారిటీ ఓటుతో కూడా పెంపుడు జంతువుల మీద నిషేధం పెట్టకూడదని. అవి కుక్కల కోసం రాసినవి. అసోసియేషన్ వాళ్లు అడ్డుపడితే చూపించడానికి పనికొస్తాయి గానీ, నా ఇల్లు మీకు ఇవ్వను అనే ఓనరు దగ్గర ఏ కాగితమూ పనిచేయదు, అక్కడ మంచి మాటే దారి. బాల్కనీ ఉంటే పిల్లులు కింద పడకుండా చేరిన రోజే పావురాల నెట్ కట్టించండి.

కొర్లగుంట అక్క:

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి. ఇల్లు దొరికింది! అవిలాల వైపు, విడి ఇల్లు, వెనక కొంచెం ఖాళీ స్థలం, బాడుగ 11,500. ఓనరు రిటైరైన మాస్టారు, రెండు వీధుల అవతల ఉంటారు. ఇక్కడ చెప్పినట్టే మా పాత ఓనరుతో ఫోన్ చేయించాను, తర్వాత మాస్టారు, వాళ్లావిడ మా ఇంటికి వచ్చారు. ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే లోపలికొచ్చారు, టీ తాగేటప్పటికి కొంగు తీసేశారు, బుజ్జి ఆవిడ కాలికి ఒళ్లు రుద్దుకుంటే "ఇదేమిటే, మనిషిలా పలకరిస్తుందే" అన్నారు. నల్లోణ్ణి దాచలేదు, ఎత్తుకుని ముందుకే తెచ్చాను. మాస్టారు వాణ్ణి చూసి, పొద్దున్నే నడకకు వెళ్లేటప్పుడు ఎదురు రాకుండా చూసుకోండమ్మా అన్నారు అంతే. ఎలాగూ బయటికి వదలం, ఆ మాటే ఆయనతో చెప్పాను. అగ్రిమెంటులో ఆ వాక్యం రాయించాం, ఒక నెల అడ్వాన్సు ఎక్కువ ఇచ్చాం.

నల్లోడికి ఆపరేషన్ అయింది, బాగున్నాడు. మారిన రోజు ఒక గదిలోనే పెట్టాం, వాటి వాసన ఉన్న, ఉతకని పాత దుప్పటి వేశాం. రెండు రోజులు మంచం కిందనుంచి రాలేదు, మేత ముట్టలేదు, నాకు ప్రాణం పోయినంత పనైంది. మూడో రోజు తెల్లవారుజామున గిన్నె దగ్గర కరకరమని చప్పుడు వినబడింది. లైటు వేయకుండా అలాగే పడుకుని విన్నాను.

కేటీ రోడ్డు ఓనర్ గారికి పొడి మేత సంగతి చెప్తే ఇంట్లో అడిగి చెప్తానన్నారు, నిన్న ఫోన్ చేసి సరేనన్నారు, అప్పటికే మేం ఇక్కడ చేరిపోయాం. ఆ ఇల్లు ఇంకా ఖాళీగానే ఉంది. రెండు గదులు, మొదటి అంతస్తు, మంచి గాలి. పిల్లి ఉన్నవాళ్లెవరికైనా కావాలంటే ఇక్కడే రాయండి, ఆయనతో నేను మాట్లాడతాను.